లైసెన్స్ పోకుండా

ఆషాఢమాసం. పెళ్లిళ్లు లేవు. పెళ్లిళ్లు లేకపోతే శుభలేఖలు లేవు, శుభలేఖలు లేకపోతే ఏలూరు వన్‌టౌన్‌లో షాకిర్ డిజైన్ షాపుకి పెద్దగా పని లేదు. కంప్యూటర్‌ని విండోస్ టెన్ నుంచి లెవెన్‌కి మార్చడానికి ఇంతకన్నా మంచి ముహూర్తం దొరకదని షాకిర్ నిశ్చయించుకున్నాడు. టిఫిన్ చేసి కూర్చుంటే భోజనం వేళకి లేవొచ్చని అతని లెక్క.

బెంగల్లా లైసెన్స్ గురించే. కంప్యూటర్‌తో పాటు వచ్చిన అసలైన లైసెన్స్ అది. ఆ వీధిలో అలాంటిది ఇంకెవరికీ లేదని షాకిర్‌కి లోలోపల కాస్త గర్వం కూడా ఉంది. అందుకే వట్లూరు కాలేజీలో ల్యాబ్ చూసుకునే బావమరిది ఆరిఫ్‌కి ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టాడు.

"కంగారుపడకండి బావా. అంతా తుడిచేసి కొత్తగా వెయ్యొద్దు. ఉన్నదాని మీదే అప్‌గ్రేడ్ కొట్టండి, లైసెన్స్ ఎక్కడికీ పోదు. మధ్యలో కరెంటు మాత్రం పోకూడదు. పోతే నా పూచీ లేదు."

"మార్చకపోతే ఏవవుద్ది?"

"అక్టోబరు దాటితే పాతవాటిని పట్టించుకునేవాడుండడు. ఇప్పుడైతే ఫ్రీ. లైసెన్స్ కూడా నిలుస్తుంది."

సరిగ్గా ఈ ఆఖరి మాటల దగ్గర అప్పన్న గుమ్మంలోకి వచ్చాడు. అప్పన్నకి కొల్లేటి ఒడ్డున చేపల చెరువులున్నాయి. చెరువు నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు నడిపే జనరేటర్‌ని టౌన్లో బాగుచేయించుకుని, బండిలో వేసుకుని, దారిలో విజిటింగ్ కార్డుల కోసం ఆగాడు. చెరువుల అనుమతుల గొడవ ఎప్పుడూ ఉండేదే కాబట్టి, లైసెన్స్ అన్న మాట చెవిన పడితే కొల్లేటి వాళ్లకి నిద్ర పట్టదు. అప్పన్న వచ్చిన పని మరిచిపోయి, వెనక్కి తిరిగి, వీధిలో నిలబడి వదిన నాంచారమ్మకి ఫోన్ చేశాడు.

"వదినా, పాత లైసెన్సులు అక్టోబరు దాటితే చెల్లవంట. ఇక్కడ షాకిర్ గారు కొత్తవాటికి మారుస్తన్నారు. ఫ్రీయేనంట. ఎవరితోనూ అనకు."

ఎవరితోనూ అనొద్దన్నాడు కాబట్టి ఆ కబురు మామూలు కంటే త్వరగా ఊరంతా తిరిగింది.

అప్‌గ్రేడ్ కొట్టి తెరకి కళ్లప్పగించిన షాకిర్ తల ఎత్తేసరికి షాపు ముందు రెండు ఆటోలు ఆగి ఉన్నాయి. చెరువుల కాగితాలు పట్టుకున్నవాళ్లు, ఎరువుల కొట్టువాళ్లు, డ్రైవింగ్ లైసెన్సులు పట్టుకున్న ఆటోవాళ్లు లోపలికి తోసుకొచ్చారు. ఏ లైసెన్సూ లేని నాంచారమ్మ, ఎందుకైనా మంచిదని రేషన్ కార్డు తెచ్చింది.

"ఏవండీ, ఎవరండీ వీళ్లంతా?" అంది కౌంటర్ దగ్గర కాగితం కత్తిరిస్తున్న భార్య రేహానా.

షాకిర్ లేచి నిలబడ్డాడు. "అయ్యా, ఇది కంప్యూటర్ లైసెన్సండీ. మీ లైసెన్సులకీ దీనికీ సంబంధం లేదండీ."

"అవునండీ, మాక్కావాల్సింది కంప్యూటర్లో ఉన్న లైసెన్సే కదండీ," అన్నాడు అప్పన్న వినయంగా. "కాగితం మీదది ఇప్పుడెవరు చూస్తన్నారండీ?"

షాకిర్ మళ్లీ కంప్యూటర్ వైపు తిరిగాడు. తెర మీద నలభై శాతం అని కనిపిస్తోంది. జనం దాని చుట్టూ మూగారు. నలభై ఒకటి కాగానే ఒకాయన నిట్టూర్చి, తన పని అయినట్టు పక్కకి తప్పుకుని ఇంకొకరికి చోటిచ్చాడు.

"నాది ఎంతలో ఉందో చూడు బాబూ," అంది నాంచారమ్మ.

"మీది కూడా అందులోనే ఉందమ్మా," అన్నాడు షాకిర్. అప్పటికి అతను అలిసిపోయాడు.

డెబ్బైలో ఉండగా కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. బల్ల కింద యూపీఎస్ కీచుకీచుమనడం మొదలుపెట్టింది. దాని బ్యాటరీ వయసు షాకిర్‌కి తెలుసు. మహా అయితే కాసేపు. పోయేది లైసెన్స్ ఒక్కటే కాదు, శ్రావణంలో అచ్చు కావలసిన శుభలేఖలన్నీ ఆ డబ్బాలోనే ఉన్నాయి. వాటిని వేరే చోట దాచమని రేహానా సంక్రాంతి నుంచీ చెబుతూనే ఉంది. ఇప్పుడు ఆమె కత్తెర కింద పెట్టి అతని వంకే చూసింది. దాంతో అతనికి ఇంకా భయమేసింది.

"ఆగిపోతే ఏవవుద్దండీ?" అన్నాడు అప్పన్న.

"మొత్తం పోద్దండీ."

"మొత్తవా? అందరివీనా?"

షాకిర్ నోరు తెరిచాడు. యూపీఎస్ మరోసారి కీచుమంది. నోరు మూసుకుని తల ఊపాడు.

ఆ తర్వాత ఎవరూ ఎవరికీ పని చెప్పనక్కర్లేకపోయింది. నలుగురు మగాళ్లు బండిలోంచి జనరేటర్ దింపారు. నాంచారమ్మ కిటికీ ఊచల మధ్యనుంచి వైరు అందించింది. అప్పన్న తాడు లాగాడు. చేపల కోసం తెచ్చిన కరెంటు యూపీఎస్‌కి అంది, కీచు ఆగింది. వీధంతా దడదడలాడింది. డెబ్బై ఒకటి అయ్యింది.

ఆ దడదడకే మున్సిపల్ ఆఫీసు ఇస్సాకు గారు దారి తెలుసుకుని లోపలికొచ్చారు. "ఇక్కడెవరో లైసెన్సులు రెన్యూవల్ చేస్తన్నారని మా ఆఫీసుకి ఫోనొచ్చిందండీ," అన్నారు మెల్లగా. షాకిర్ ఉన్నదంతా మొదట్నుంచీ చెప్పాడు. ఇస్సాకు గారు నవ్వలేదు, కోప్పడలేదు. తమ ఆఫీసులోదీ ఇదే మోడలని చెప్పి, కుర్చీ లాక్కుని, మిగిలిన శాతాలు అందరితో పాటు తనూ చూశారు.

కంప్యూటర్ ఆగి, మళ్లీ వెలిగి, కొత్త ముఖంతో కనిపించింది. షాకిర్ సెట్టింగుల్లోకి వెళ్లాడు. యాక్టివ్ అని ఉంది. శుభలేఖలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

"యాక్టివేనంట!" అని అప్పన్న అరిచాడు. వీధి దాకా చప్పట్లు మోగాయి.

ఇస్సాకు గారు లేచి, "మీ లైసెన్సులకేం కాలేదండీ. ఎవరివి వాళ్లకి భేషుగ్గా ఉన్నాయి, ఇళ్లకెళ్లండి," అన్నారు. గవర్నమెంటు మనిషే ఆ మాట అనడంతో షాకిర్ చేతి మహిమ మీద ఎవరికీ అనుమానం మిగల్లేదు. నాంచారమ్మ అతని తల నిమిరి, రేపు కొర్రమీనులు పంపుతానంది. ఆటోలు కదిలాయి. జనరేటర్ బండెక్కింది.

షాకిర్ కుర్చీలో కూలబడి, "రక్షించారండీ. టీ తాగి వెళ్లాలండీ," అన్నాడు.

"తాగుతానండీ," అని ఇస్సాకు గారు జేబులోంచి కళ్లజోడు తీశారు. "ఎలాగూ వచ్చాను కదండీ. మీ షాపు ట్రేడ్ లైసెన్స్ ఓసారి చూపించండి."

రేహానా గోడ మీది ఫ్రేము దించి, చీర కొంగుతో దుమ్ము తుడిచి ఇచ్చింది. ఇస్సాకు గారు కింది వరస దాకా చదివి, దాన్ని బల్ల మీద నెమ్మదిగా బోర్లించారు. దాని గడువు పోయినేడాది మార్చితోనే అయిపోయింది.

ఆ పూటకి ఆ షాపులో చెల్లే లైసెన్స్ ఉన్నది కంప్యూటర్‌కి ఒక్కదానికే.