రక్తానికి మూడు కొటేషన్లు

ఒంట్లో రక్తాన్ని ఒకే ల్యాబులో పరీక్ష చేయించుకోవడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. చెప్పుల జత కొనాలంటే నాలుగు షాపులు తిరుగుతాం. అలాంటిది సొంత రక్తం సంగతి వచ్చేసరికి ఎవరో ఒకరు చెప్పిన అంకెకి తలూపి వచ్చేస్తామా? ఇదేం బేరమండీ?

వీధికో ల్యాబు వెలిసిందనీ, ఒకరి రిపోర్టు ఇంకొకరి రిపోర్టుతో కలవడం లేదనీ గింజుకునేవాళ్లు కనబడుతూ ఉంటారు. వాళ్లకి వ్యాపారం తెలీదు. రెండు ల్యాబులూ ఒకే మాట చెబితే రెండోది ఉండి ఎవరికి లాభం? అంకెలు వేరువేరుగా ఉంటేనే రోగికి ఎంచుకునే వీలు. ఒక్క రిపోర్టు ఉన్నవాడు పేషెంటు. రెండు రిపోర్టులున్నవాడు కస్టమరు. ఆ రెంటికీ ఉన్న తేడా కౌంటరుకి ఇవతల నిలబడ్డ ఎవరికైనా తెలుసు.

ఈ వీలుని పూర్తిగా వాడుకున్న ఘనుడు ఒకాయన ఉన్నాడు. పెయింట్ల షాపు నడుపుతాడు. అందరూ రంగులాయన అంటారు. షాపులో రంగులు కలిపే మెషీను దగ్గర ఆయన భార్య కూర్చుంటుంది, గల్లాపెట్టె దగ్గర ఆయన కూర్చుంటాడు.

రంగులాయనకి నడుంనొప్పి వచ్చింది. దానికని చేసిన పరీక్షల్లో రక్తంలో ప్రోటీను ఎక్కువుందని తేలి, రక్తరోగాల డాక్టరమ్మ దగ్గరికి పంపారు. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. ఎముకల మూలుగులో ప్లాస్మా కణాలని ఉంటాయి, రోగాల మీదికి పంపే సరుకు రకరకాలుగా తయారుచేస్తాయి. ఈయన ఒంట్లో మాత్రం ఒక కణమూ దాని సంతానమూ కలిసి ఒకే సరుకు చేసుకుంటూ పోతున్నాయి.

"అంటే ఎవరూ అడక్కపోయినా ఒకే షేడు డబ్బాలు నింపి గోడౌన్లో పడేస్తున్నారన్నమాట," అన్నాడు రంగులాయన.

డాక్టరమ్మ తలూపింది. "అంతే. ప్రస్తుతానికి గోడౌన్లో చోటుంది. డబ్బాలు పెరుగుతుంటే మందు మొదలుపెట్టాలి, పెరక్కపోతే ఏమీ అక్కర్లేదు. అందుకని మూణ్ణెల్లకోసారి పరీక్ష చేయించండి. ఒకే చోట."

చివరి రెండు మాటలూ ఆయనకి వినబడలేదు. వ్యాపారి చెవి అది. ఒకే చోట కొనమని ఎవరైనా అంటే దానంతటదే మూసుకుంటుంది.

రాసిన పరీక్షలు మూడు. మొదటిది రక్తంలో ప్రోటీన్లని కరెంటు పెట్టి పరుగెత్తించి, గ్రాఫు మీద ఎక్కడ గుట్ట లేచిందో, ఆ గుట్ట ఎంతో చెబుతుంది. రెండోది ఆ గుట్ట ఎవరిదో పేరు చెబుతుంది గానీ ఎంతో చెప్పదు. మూడోది గుట్టకి కూడా అందని చిల్లర ముక్కల్ని లెక్కపెడుతుంది. ఆ ముక్కలు రెండు రకాలు, కప్పా, లాంబ్డా. రంగులాయన మూడింటినీ పనిలోకి వచ్చిన గుమాస్తాల్లా ఎగాదిగా చూశాడు. మొదటివాడు బొమ్మలేస్తాడు, రెండోవాడు చాడీలు చెబుతాడు, మూడోవాడు ఒక్క అంకె చేతిలో పెడతాడు. కప్పాని లాంబ్డాతో భాగిస్తే వచ్చే అంకె. బేరానికి అంకె కావాలి గనక మూడోవాడికి ఓటేశాడు.

"ఈ కప్పా, లాంబ్డా తోడికోడళ్లు బావా," అని షాపు లెక్కలు రాసే బావమరిది మొదటి రిపోర్టు చూసి విడమరిచాడు. "సమానంగా ఉన్నంతసేపూ ఇల్లు ఇల్లులా ఉంటుంది. భాగిస్తే ఒకటికి అటూ ఇటూగా రావాలి."

"మరి మనింట్లో?"

"పెద్దావిడ కాస్త బలిసింది."

ఆ మొదటి రిపోర్టులో బస్టాండు పక్కనున్న ల్యాబు మూడు అంది. రంగులాయనకి నచ్చలేదు. తిరిగి వెళ్లి కౌంటర్లో అమ్మాయిని, "కొత్త కస్టమర్ని, కాస్త చూసి వెయ్యమ్మా," అన్నాడు.

"ఫీజులో తగ్గిస్తానండీ. రక్తంలో తగ్గించడం మా చేతిలో లేదు."

చేతిలో లేనివాళ్లతో బేరమేమిటి? అదే వారం బేకరీ మీద మేడలో ఉన్న ల్యాబుకి వెళ్లాడు. అక్కడ రెండు. ఇంటికొచ్చి ఈల వేసుకుంటూ స్నానం చేశాడు.

"ఏం మందు వేసుకున్నారేంటి?" అంది భార్య.

"మందెందుకు? ల్యాబు మార్చాను."

మూణ్ణెల్లయ్యాక బేకరీ ల్యాబు రెండున్నర అంది. మనిషికి ఒక్కసారి చనువిస్తే ఇలాగే నెత్తినెక్కుతాడనుకుని అద్దాల భవనంలోని ల్యాబుకి మారిపోయాడు. అక్కడ ఏసీ ఉంది, సోఫా ఉంది, అంకె ఒకటిన్నర. బావమరిది గీత గీసి చూపించాడు. మూడు, రెండు, ఒకటిన్నర. రెండున్నరని లెక్కలోంచి తీసేశాడు, అది బేకరీ వాసన తగిలిన రక్తమని. గీత మెట్లు దిగినట్టు దిగింది. ఇంకో రెండు ల్యాబులు మారితే జబ్బు పూర్తిగా నయమవుతుందని ఇద్దరూ తేల్చుకున్నారు. ఏ మందు కంపెనీ అయినా ఇంత చవగ్గా ఇంత గుణం చూపించిందా, మీరే చెప్పండి.

డాక్టరమ్మ ఆ గీతని పక్కకి జరిపింది.

"ఇది మీ జబ్బు తగ్గిన గీత కాదు. మీరు నడిచిన దారి. పరీక్ష చేసే కిట్టు ఒక్కో ల్యాబు ఒక్కో కంపెనీది వాడుతుంది. పరీక్ష పేరు ఒకటే గానీ అంకెలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసేవి కావు."

"మరి పెరిగిందా, తగ్గిందా?"

"ఒకే చోట రెండుసార్లు చేయించింది బేకరీ దగ్గరే. రెండు, రెండున్నర. అంత తేడా పరీక్షలో ఊరికే కూడా రావచ్చు, నిజంగా పెరిగీ ఉండొచ్చు. దీన్ని చూసి మందు మొదలుపెట్టలేను, ఏం లేదు పొమ్మనీ అనలేను."

రంగులాయన షాపుకొచ్చి కూర్చున్నాడు. ఇన్నాళ్లూ తీసిన రక్తంతో ఆయన కొన్నది ఇదీ: తెలీదు అనే ఒక్క మాట.

అదే సాయంత్రం ఒక టీచరమ్మ వచ్చింది. హాలు గోడ సగానికి ఈయన దగ్గర రంగు తీసుకుంది, మిగతా సగానికి ఇంకో షాపులో వేరే కంపెనీది, అదే పేరున్న షేడు, చవగ్గా.

"ఆ సగం నల్లబడినట్టుంది అన్నగారూ. గోడకి చెమ్మ పట్టిందా, లేక రంగే అంతా?"

రంగులాయనకి ఈ పాఠం కంఠతా వచ్చు. రోజూ చెప్పేదే. "ఏమ్మా, ఒక గోడకి ఒకే కంపెనీ ఉండాలని తెలీదూ? షేడు పేరు ఒకటైతే రంగు ఒకటవుతుందా? సగం అక్కడా సగం ఇక్కడా కొని, ఇప్పుడు చెమ్మో కాదో చెప్పమంటే ఎవరు చెప్పగ..."

మెషీను వెనకాల్నించి భార్య గొంతు వినబడింది. "ఆపారేం? చెప్పండి. నేనూ వింటున్నాను."

టీచరమ్మకి ఏమీ అర్థం కాలేదు. రంగులాయన ఒక డబ్బా తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. కంపెనీ పేరు, షేడు నంబరు, బ్యాచి నంబరు, అన్నీ బారెడు దూరం నించి కనబడుతున్నాయి. జేబులోంచి రిపోర్టు తీశాడు. ల్యాబు పేరు డబ్బా అంత ఉంది. ఫుల్ బాడీ చెకప్ మీద ఆఫరు అరచెయ్యంత ఉంది. ఏ కంపెనీ కిట్టుతో చేశారన్నది అడుగున, చీమ కాళ్లంత అక్షరాల్లో, సగం స్టాంపు కింద ఉంది. గోడకి దక్కిన మర్యాద రక్తానికి దక్కలేదు.

మర్నాడు భార్యాభర్తలిద్దరూ బేకరీ మీద ల్యాబు మెట్లెక్కారు. రెండు అంకెలున్నది అక్కడే గనక అక్కడే మూడోది చేయిద్దామని భార్య తేల్చింది. ఫీజెంతని ఆయన అడగలేదు. పెళ్లయ్యాక ఆయన రేటు అడక్కుండా కౌంటరు ముందు నిలబడటం ఆవిడ చూడటం అదే మొదటిసారి.

"మీరు వాడే కిట్టు ఏ కంపెనీదమ్మా? పోయినసారి వాడిందేనా?"

కౌంటర్లో అమ్మాయి సంతోషంగా నవ్వింది. "లేదండీ, ఈ నెలలోనే మార్చాం. ముగ్గుర్ని కొటేషన్లు అడిగి, చవగ్గా ఇచ్చినవాళ్ల దగ్గర తీసుకున్నారు మా ఓనరుగారు. ఆయనకి బేరం బాగా తెలుసు."

  ఆ ఓనరు స్థానంలో తనున్నా అదే చేసేవాడు రంగులాయన. భార్య ఆయన వంక చూడకుండా క్యాలెండరు వంక చూస్తోంది. ఇకనైనా ఒకే కిట్టు అనుకుని ఆయన చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటూ కుర్చీలో కూర్చున్నాడు.

"ఓనరుగారి ఫోన్ నంబరివ్వమ్మా."

"డిస్కౌంటుకా అండీ?"

"కాదు. మళ్లీ మార్చేముందు నన్నొక్కమాట అడగమనడానికి. నా గోడ సగంలో ఉంది."