జట్కా మార్కు మటన్

"ఈ రాష్ట్రంలో ఇకమీదట ఏ గుర్రమూ కష్టపడదు" అని మంత్రిగారు డోర్నకల్ స్టేషన్ ముందు ప్రకటించినప్పుడు నేను ముందు వరుసలోనే ఉన్నాను. పత్రికకు ఈ ఊరి విలేకరిని నేనే కాబట్టి కుర్చీ కూడా వేశారు. మనుషుల కష్టాలు తీరుస్తామన్న నాయకులను చాలామందిని చూశాను. గుర్రాల కష్టం తలుచుకుని కళ్లద్దాలు తీసి తుడుచుకున్న నాయకుణ్ణి చూడటం మాత్రం అదే మొదలు.

పథకం పేరు అశ్వ విశ్రాంతి. స్టేషన్ ముందు జట్కాలు తోలుకునేవాళ్లంతా తమ గుర్రాలను సర్కారుకు అప్పగించాలి. వాటిని కొడకండ్లలో కట్టిన విశ్రాంతి కేంద్రంలో ఉంచి, పచ్చగడ్డి వేసి, చచ్చేదాకా పోషిస్తారు. చచ్చేదాకా పోషిస్తామన్న ఆ మాటను మంత్రిగారు తప్పారని ఇవాళ్టికీ ఎవరూ రుజువు చేయలేకపోయారు. జట్కావాళ్లకు బదులుగా ఆటోలు ఇస్తారు. ఆటోలు వచ్చేలోగా నమ్మకం కోసం తలా ఒక ఆటో హారన్ ఇచ్చి ఫోటోలు తీశారు.

జట్కా సాయిలు కూడా తన మోతిని అప్పగించాడు. లారీ ఎక్కనని అది మొండికేస్తే, సాయిలే దాని మెడ నిమిరి, చెవిలో ఏదో చెప్పి ఎక్కించాడు. లారీ పోయాక హారన్ చేతిలో పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

వానలు మొదలయ్యేసరికి సాయిలు పథకం ఆఫీసు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ఆ పథకానికి ప్రత్యేకాధికారి కిషన్ గారు. మంత్రిగారు ఏరికోరి తెచ్చుకున్న మనిషి. ఆఫీసు గోడ గడియారం ఆగిపోతే, అందులో ఇంకా ఐదు కాలేదని, దాన్ని బాగుచేయించే అనుమతి వచ్చేదాకా కుర్చీలోంచి లేవలేదు. అంతటి క్రమశిక్షణ.

"ఒక్కసారి చూస్త సారూ" అన్నాడు సాయిలు.

"దేన్ని?" అన్నారు కిషన్ గారు.

"మోతిని సారూ. తెల్లగుంటది. నొసట్ల నల్లమచ్చ."

"అది విశ్రాంతిల ఉన్నది. లేపొద్దు."

"లేపను సారూ. దూరంకెళ్లి ఒక్కసారి చూస్త, గంతే. అది పోయిన కాన్నుంచి మా ఇంటిది యాకమ్మ బువ్వ సక్కగ తింటలేదు. నాకైతే నిద్రల గూడ దాని డెక్కల సప్పుడే ఇనవడ్తది."

"ఇనవడ్తున్నది గద. మళ్ల చూసుడెందుకు?"

ఇంత తర్కం ముందు సాయిలు ఏం నిలబడతాడు? తువ్వాల దులుపుకుని వెళ్లిపోయాడు. మర్నాడు మళ్లీ వచ్చాడు.

ఆ వానాకాలంలోనే మంత్రిగారికి హాస్టల్ పిల్లల మీద కూడా దయ కలిగింది. పిల్లలకు మాంసకృత్తులు చాలడం లేదని ఆయనకు తెలియగానే, ఆయన బావమరిదిగారు కొడకండ్లలో మటన్ డబ్బాల ఫ్యాక్టరీ పెట్టేశారు. సర్కారు స్థలం వృథా కాకూడదని విశ్రాంతి కేంద్రానికీ ఫ్యాక్టరీకీ ఒకటే గేటు పెట్టించారు. చుట్టుపక్కల గొల్లవాళ్ల దగ్గర ఒక్క మేకను కూడా కొనకుండా, ఎవరి మందనూ ఇబ్బంది పెట్టకుండా, లారీలకు లారీలు మటన్ తయారుచేసిన ఫ్యాక్టరీ మన దేశంలో మరొకటి ఉంటే చెప్పండి.

మా ఊరి హాస్టల్లో వంటచేసే తుల్సీబాయి ఒకరోజు పెద్ద డబ్బా కోసి గుండిగలో వంచితే ఠంగుమని మోగింది. గరిటెతో తీసి చూస్తే గుర్రపు నాడా. కడిగి, కొంగులో చుట్టుకుని వచ్చి కిషన్ గారి టేబుల్ మీద పెట్టింది.

"గిదేంది సారూ?"

"నాడా."

"నాడా అని నాకు ఎరుకే. మటన్ల ఎందుకున్నది?"

"గడపకు నాడా కొట్టుకుంటె ఇంటికి మంచిదంటరు. కంపెనీవాళ్లు గిఫ్టు ఇస్తున్నరు."

"మరి అన్ని డబ్బాలల్ల రాలె గద."

"ఎట్లొస్తయమ్మా? ఒక్కోదానికి నాలుగే గద ఉండేది" అన్నారు కిషన్ గారు. ఆ తర్వాత చాలాసేపు కాగితాలు సర్దుకున్నారు.

ఆ పూట హాస్టల్ పిల్లలు పచ్చిపులుసుతో తిన్నారు. తుల్సీబాయి ఆ నాడాను నేరుగా సాయిలు ఇంటికి తీసుకుపోయింది. వార్త వాసన తగిలి నేనూ వెళ్లాను. సాయిలు దాన్ని వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పాడు.

"గిది మోతిది కాదు" అన్నాడు. "మోతి కాలీడ్సి నడుస్తది. దాని నాడా ఒక దిక్కు అరుగుతది. గిది రెండు దిక్కులా సమంగున్నది."

ఆ మాట అంటున్నప్పుడు వాడి మొహం వెలిగింది. ఎవరి గుర్రానిదో మరి, అని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

డబ్బాల్లో గుర్రం ఉందని ప్రతిపక్షం గోల మొదలుపెట్టింది. ఇలాంటివాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. డబ్బా మీద ఏం రాశారో చదవరు, నోరు మాత్రం చేసుకుంటారు. మంత్రిగారు మానుకోటలో విలేకరులను పిలిచి, ఒక డబ్బా ఎత్తి పట్టుకుని అందరి చేతా చదివించారు. జట్కా మటన్ అని ఉంది.

"మేకల మటన్ అని మేమెన్నడన్న చెప్పినమా?" అని అడిగారు.

ఆ పేరు వెనక చిన్న చరిత్ర ఉంది. మాంసం ఎట్లా కోశారో డబ్బా మీద రాయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఒక్క వేటుకు తెగిన మాంసాన్ని ఝట్కా అంటారు. మానుకోట ప్రెస్సులో ఝ అచ్చు విరిగిపోయి ఉండటంతో మామూలు జ వేశారు. బొమ్మ వేయాల్సిన ఆర్టిస్టు పేరు చదువుకుని, కింద చక్కటి జట్కాబండి వేశాడు, గుర్రంతో సహా.

"అంటే అది గుర్రమని ఒప్పుకున్నట్టేనా సార్?" అన్నాడొక విలేకరి.

"మటన్ అని గూడ ఉన్నది గదా. సగం చదివి సగం ఇడిసిపెడ్తవా?" అన్నారు మంత్రిగారు.

బొమ్మ చూసేవాడికి గుర్రం, అక్షరం చదివేవాడికి మటన్. ఇంత దాపరికం లేని పాలన నేనైతే ఎరగను. అదే రాసి పంపాను.

అయినా జనం నోళ్లు మూతపడలేదు. దాంతో మంత్రిగారు డోర్నకల్ స్టేషన్ ముందే బహిరంగంగా మటన్ తినే సభ పెట్టించారు. వేదిక మీద పొయ్యి వెలిగించి డబ్బా కూర వేడిచేశారు. వాసన బాగానే ఉంది. ముందుగా ఎవరు తినాలన్న దగ్గర కొంచెం మర్యాద ఎక్కువైంది. మంత్రిగారికి ఆ రోజు శనివారం. సమితి ప్రెసిడెంటుకు పన్నునొప్పి. కిషన్ గారికి తినమని రాతపూర్వకమైన ఉత్తర్వు అందలేదు. బావమరిదిగారొక్కరే ఉన్నమాట చెప్పారు.

"నేను ఫ్యాక్టరీ లోపటికి పోయొచ్చిన బావా. నాతోని కాదు."

అప్పుడు మంత్రిగారి చూపు జనంలో ముందు నిలబడ్డ సాయిలు మీద పడింది. చెయ్యి పట్టుకుని స్వయంగా వేదిక ఎక్కించారు.

"సాయిలూ, నీ గుర్రం పదిలంగున్నది. నువ్వు గీ కూర జర ఉప్పు చూడు. పత్రికలోళ్లు ఫోటో తీసుకుంటరు. ఇక్కడ్నుంచే నా కారుల కూసోబెట్టి తోలిస్త."

"నిజంగ మోతిని చూపిస్తరా దొరా?"

"మంత్రి మాటయ్యా."

కింద నుంచి యాకమ్మ, "వద్దయ్యా. గది నోట్లె పెట్టకు" అంది. ఏడుస్తూనే అంది.

"నాడా మోతిది కాదు గదనే" అన్నాడు సాయిలు. కళ్లు మూసుకుని ముక్క నోట్లో పెట్టుకున్నాడు. చాలాసేపు నమిలాడు. కెమెరాలు టకటకమన్నాయి. ఎట్లుందని మంత్రిగారు అడిగితే, గట్టిగుందన్నాడు. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను.

సాయిలు ప్లేటు కింద పెట్టి, తువ్వాలతో మూతి తుడుచుకుని, మంత్రిగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇగ పోదమా దొరా? ఒక్కసారి చూస్త."

మంత్రిగారు కిషన్ గారి వైపు చూశారు. కిషన్ గారు ఆయన చెవి దగ్గరికి వంగారు. మైకు కట్టేయాలని ఎవరికీ తోచలేదు.

"చూస్తనన్నది ఒక్కసారే సార్. ఇప్పుడే చూసిండు గద."