తలుపు వెనక పదమూడు గీతలు

రిజిస్టరు పోయిన సోమవారం నాడు సుసన్నా వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి ఆసుపత్రికి వెళ్ళాలి. నీలం అట్ట రిజిస్టరు తీసి ఏప్రిల్ నెల పేర్లు లెక్కపెట్టాలి. ఆ అంకె కంప్యూటరు దగ్గర కూర్చునే సంతోష్ కుమార్‌కి చెప్పి, పదింటికల్లా పిల్లల టీకాల పని మొదలుపెట్టాలి. ఆమె బయల్దేరుతుంటే అత్తగారు ఇన్నమ్మ గుమ్మంలో ఎదురై, తెలిసినవాళ్ళందరికీ ఆదివారమే మామిడిపళ్ళ పెట్టెలు కట్టి పంపేశాననీ, ఈసారి అడుగున పరవడానికి కాయితాలకి లోటే లేకపోయిందనీ చెప్పింది. సుసన్నా మంచిదని తలూపి స్కూటీ ఎక్కింది.

చాట్రాయి దాటాక వచ్చే రసాలపాడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆమె స్టాఫ్ నర్సు. రిజిస్టరు సొరుగులో లేదు. బీరువాలో లేదు. కొన్నాళ్ళుగా పనిచెయ్యని ఫ్రిజ్‌లో కూడా లేదు.

ఆ రిజిస్టరు మామూలుది కాదు. ప్రతి శనివారం ఏలూరు నుంచి హరిత అనే కౌన్సిలర్ వచ్చి వెనకగదిలో కూర్చుంటుంది. నిద్ర పట్టనివాళ్ళు, ఊరికే ఏడుపు వచ్చేవాళ్ళు, ఎవరితోనూ మాట్లాడాలనిపించనివాళ్ళు వచ్చి ఆమెతో మాట్లాడి వెళ్తారు. ఎవరు వచ్చారో, ఎందుకు వచ్చారో ఆ నీలం అట్టలోనే ఉంటుంది. నెలాఖరున అందులోని అంకె మాత్రం దేశం లెక్కల్లోకి వెళ్తుంది. వరసగా మూడు నెలలు పదిమంది లోపు వస్తే కౌన్సిలర్‌ని వేరే ఊరికి మారుస్తామని కొత్తగా ఉత్తర్వు వచ్చింది. ఫిబ్రవరిలో తొమ్మిది, మార్చిలో ఎనిమిది. ఏప్రిల్‌లో పది దాటిందని సుసన్నాకి గుర్తే కానీ, కంప్యూటరు గుర్తుని ఒప్పుకోదు. సాయంత్రం నాలుగింటికి ఆ నెల గడువు అయిపోతుంది. హరితకి ఫోను చేస్తే మోగలేదు. విజయవాడలో శిక్షణ, మంగళవారం దాకా రాదు.

ఆ శనివారాలు పోకూడదని సుసన్నా అంత పట్టుగా అనుకోవడానికి కారణం బసవపున్నారావు. పదిహేనెకరాల మామిడితోట ఉన్న పెద్దమనిషి. కార్తీకమాసంలో భార్య బసవమ్మ పోయాక నాలుగు నెలలు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. ఒక శనివారం బీపీ చూపించుకుందామని వచ్చారు. బీపీ బాగానే ఉంది. వెళ్ళబోతూ వెనకగది ముందు ఆగి, లోపలికి వెళ్ళి, అరగంట తర్వాత బయటికి వచ్చారు. అప్పటినుంచి ఒక్క శనివారం మానలేదు. బయటికి వచ్చినప్పుడల్లా వరండాలో ఉన్నవాళ్ళకి వినపడేలా "బీపీ నార్మల్" అనేవారు. ఇన్నిసార్లు చూపించుకోవలసిన బీపీ ఎంత ప్రమాదకరమైనదో అని ఊరు జాలిపడేది. రిజిస్టరులో ఆయన పేరు పక్కన సుసన్నా బీపీ అని రాయలేదు. నిజం రాసింది. ఊళ్ళో ఎవరికీ తెలియనివ్వనని మాట కూడా ఇచ్చింది.

పదకొండింటికి అటెండరు సవరయ్య వచ్చాడు. సీజన్లో పొద్దున్నపూట మామిడి యార్డులో కాయల లెక్క చూసి, ఆ తర్వాత ఆసుపత్రికి వస్తాడు. సంగతి విని, ఆందోళన పడకుండా ఆమెని వెనకగది దగ్గరికి తీసుకెళ్ళి తలుపు వెనక గోడ చూపించాడు. సున్నం మీద బొగ్గుతో నిలువు గీతలు ఉన్నాయి. తలుపు దగ్గర కూర్చుని ఊరికే ఉండటం చేతగాక, లోపలికి వెళ్ళిన ప్రతివాళ్ళకీ ఒక గీత గీశానన్నాడు. ఉగాదికి సున్నం వేశారు కాబట్టి గోడ మీద ఉన్నవన్నీ ఏప్రిల్ గీతలే.

సుసన్నాకి ప్రాణం లేచి వచ్చింది. అప్పటికే వరండాలో చంటిపిల్లలు ఏడుస్తున్నారు. తలుపు వెనక గీతలు చూసి లెక్క ఎక్కించమని సంతోష్‌కి చెప్పి ఆమె టీకాలకి వెళ్ళిపోయింది.

సంతోష్ జాగ్రత్త గల కుర్రాడు. విస్సన్నపేటలో వాళ్ళ నాన్న మామిడి వ్యాపారం చేస్తాడు. సవరయ్య గీతల్ని అతను చిన్నప్పటి నుంచి యార్డులో చూస్తున్నాడు. చేతికి రెండేసి చొప్పున రెండు చేతులా నాలుగు కాయలు వేస్తే ఒక పుంజీ. పుంజీకి ఒక గీత. గోడ మీద పదమూడు గీతలున్నాయి. అయినా అనుమానం పెట్టుకోకూడదని సవరయ్యని పిలిచి, ఇది ఎప్పుడూ గీసే గీతేనా అని అడిగాడు.

"నలభై ఏళ్ళ నుంచి ఒకటే గీత బాబూ. నేను మారలేదు, గీతా మారలేదు" అన్నాడు సవరయ్య, కాస్త నొచ్చుకుని.

సంతోష్ పదమూడుని నాలుగుతో హెచ్చవేసి యాభై రెండు ఎక్కించాడు. ఆడవాళ్ళెందరు, మగవాళ్ళెందరు అని కంప్యూటరు అడిగింది. న్యాయంగా చెరి సగం వేశాడు. ఎందుకు వచ్చారని అడిగింది. ఖాళీ వదిలితే ముందుకి కదలనంది. టీకాల దగ్గర ఉన్న సుసన్నాని కదిలించడం ఇష్టం లేక, జాబితాలో అన్నిటికంటే పైనున్నది నొక్కాడు. అది మద్యం అలవాటు.

ఆ మధ్యాహ్నం బసవపున్నారావు సోమవారమని కూడా చూడకుండా వచ్చి బీపీ చూడమన్నారు. సుసన్నా చేతికి పట్టీ చుట్టి గాలి కొడుతుంటే, గోడకేసి చూస్తూ మెల్లిగా అన్నారు.

"పుస్తకం పోయిందట."

"దొరుకుతుందండీ."

"దొరుకుతుందనే నా భయం. ఎవరికి దొరుకుతుందా అని."

బీపీ నూట అరవై ఉంది. ఆయన వరండాలోకి వెళ్ళి ఎప్పటిలాగే నార్మల్ అన్నారు. ఆ మాట అబద్ధం కావడం అదే మొదటిసారి.

మంగళవారం పొద్దున్న జిల్లా ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. ఎనిమిది మంది నుంచి ఒక్క నెలలో యాభై రెండుకి వెళ్ళిన ఊరు రాష్ట్రంలో ఇంకోటి లేదన్నారు అవతలి ఆయన.

"అందరూ తాగుడు కేసులేనా సిస్టర్? ఇరవై ఆరు మంది ఆడవాళ్ళు కూడానా? అసలు మీ ఊళ్ళో ఏం అమ్ముతున్నారు?"

సుసన్నా కుర్చీలో కూర్చుంది. పొరపాటు జరిగిందనీ, దిద్దుకుంటామనీ చెప్పింది. అంకె నిన్న సాయంత్రమే ఢిల్లీ చేరిందనీ, ఢిల్లీ వెళ్ళిన అంకెలు వెనక్కి రావనీ ఆయన ఓపికగా వివరించాడు. చెయ్యగలిగిందల్లా వచ్చి చూడటమే. బుధవారం డాక్టరు గారి బృందం వస్తుంది. యాభై రెండు మంది కనపడితే సరే. లేకపోతే దొంగలెక్క కింద శనివారాలు ఎత్తేస్తారు, సంతకం పెట్టినవాళ్ళకి మెమో ఇస్తారు.

ఆమె సంతోష్‌నీ సవరయ్యనీ ఎదురెదురుగా నిలబెట్టింది. సంతోష్ హెచ్చవేతలో తప్పు లేదని నిరూపించాడు. సవరయ్య మాత్రం వెళ్ళి తలుపు వెనక గీతల్ని మళ్ళీ ఒకసారి చూసి వచ్చాడు.

"మనుషుల్ని పుంజీల్లో లెక్కపెడతానా అమ్మా? కాయలంటే ఒకటి పోతే ఇంకోటి వేస్తాం. మనుషుల్ని ఒక్కొక్కళ్ళనే కదా లెక్కపెట్టాలి" అన్నాడు చివరికి.

సంతోష్ తలొంచుకున్నాడు. బృందం ఎందుకు వస్తోందో ఊళ్ళో ఎవరికీ చెప్పవద్దని సుసన్నా ఇద్దరి దగ్గరా మాట తీసుకుంది. సవరయ్య మాట తప్పే మనిషి కాదు. కానీ తన గీతల వల్ల వచ్చిన కష్టం తనే తీర్చాలనుకుని సాయంత్రం యార్డుకి వెళ్ళి, రేపు జిల్లా నుంచి ఆఫీసర్లు వస్తున్నారనీ, ఆసుపత్రి దగ్గర పేర్లు రాసుకుంటారనీ, అందరూ రావాలనీ చెప్పాడు. ఎందుకని అడిగితే చెప్పకూడదన్నాడు.

ఆ ఒక్క మాటతో ఊరికి మొత్తం అర్థమైపోయింది. ఏప్రిల్ చివర్లో ఈదురుగాలికి సగం కాయ నేల రాలింది. చెప్పకూడనంత మంచి పని ప్రభుత్వం చేస్తోందంటే అది నష్టపరిహారం తప్ప ఇంకేమవుతుంది?

బుధవారం తొమ్మిదింటికి సుసన్నా వచ్చేసరికి ఆసుపత్రి గేటు నుంచి రోడ్డు మలుపు దాకా వరస ఉంది. అందరి చేతుల్లో పట్టాదారు పాస్‌పుస్తకాలు, సాక్ష్యం కోసం గోనెసంచుల్లో రాలిన కాయలు. జీపు దిగిన డాక్టరు గారు ఆ వరసని చూసి కళ్ళజోడు తుడుచుకున్నారు. యాభై రెండు దొంగలెక్క అని రాయడానికి దారిలోనే మనసులో వాక్యం సిద్ధం చేసుకున్న మనిషి ఆయన.

మొదట కూర్చున్నది రైతు సాంబయ్య. దేశమంతటా అడిగే ప్రశ్నలనే డాక్టరు గారు అడగడం మొదలుపెట్టారు.

"రాత్రిళ్ళు నిద్ర పడుతోందా?"

"ఎక్కడి నిద్రండీ. గాలొచ్చిన నాటి నుంచీ లేదు."

"పని చెయ్యాలని అనిపిస్తోందా?"

"కాయంతా కింద పడ్డాక చెట్టెక్కి ఏం చెయ్యాలండీ?"

"భవిష్యత్తు మీద ఆశ ఉందా?"

సాంబయ్య ఆయన ముఖంలోకి పరిశీలనగా చూశాడు. "అది మీరే చెప్పాలి. ఎకరానికి ఎంత రాస్తున్నారు?"

డాక్టరు గారు ఏదో టిక్కు పెట్టుకుని, మందు తాగుతావా అని అడిగారు. లేదన్నాడు సాంబయ్య. వెనకాల నిలబడ్డ భార్య రోజుకెంతో, ఏ కొట్లోనో చెప్పింది. ఇరవై ఆరు మంది ఆడవాళ్ళ సంగతి మాత్రం ఆయన ఎత్తలేదు. వరసలో ఉన్న ఆడవాళ్ళని ఒకసారి చూశాక, ఎత్తి క్షేమంగా జీపు ఎక్కే మార్గం ఆయనకి కనపడలేదు.

మధ్యాహ్నానికి ఫారాలు అయిపోయి తెల్లకాగితాల మీద రాస్తున్నారు. అబద్ధం చెబితే పరిహారం రాదని భయపడి ఊరంతా నిజమే చెబుతోంది. రాని నిద్రలు, తినని అన్నాలు, ఎవరికీ చెప్పని కోపాలు ఒకటొకటిగా బయటికి వస్తున్నాయి. ఒకరిది విని వెనకున్నవాళ్ళు మాకూ అంతేనండీ అని నవ్వుతున్నారు.

అప్పుడు బసవపున్నారావు వంతు వచ్చింది. ఆయన చేతిలో పాస్‌పుస్తకం లేదు, సంచీ లేదు. సుసన్నా చేతిలో కలం ఆగిపోయింది. నిద్ర ఎప్పటినుంచి లేదని డాక్టరు గారు తలెత్తకుండా అడిగారు.

"కార్తీకమాసం నుంచి."

సాంబయ్యకి ఇది లెక్క తప్పినట్టు తోచింది. పరిహారానికి అడ్డుపడుతుందేమోనని కలగజేసుకున్నాడు. "కార్తీకంలో గాలెక్కడ వచ్చింది బాబాయ్?"

"మా ఇంట్లో వచ్చిందిరా" అన్నారు బసవపున్నారావు.

వరసలో నవ్వు ఆగింది. సాంబయ్య సంచీ కింద పెట్టి, ఆయన భుజం మీద చెయ్యి వేద్దామని లేపి, వెయ్యలేక మళ్ళీ దించుకున్నాడు. డాక్టరు గారు మొదటిసారి కలం పక్కన పెట్టారు. "నేను ప్రతి శనివారం వచ్చేది బీపీకి కాదు. ఆ అమ్మాయితో మాట్లాడటానికి" అని బసవపున్నారావు వెనకగది వైపు చూపించారు. తర్వాత అలవాటు కొద్దీ వరండాకేసి తిరిగారు కానీ, నార్మల్ అనలేదు.

ఆ అమ్మాయి అప్పుడే బస్సు దిగి వచ్చింది. హరిత పొద్దున్న విజయవాడ నుంచి ఇల్లు చేరి, ఇన్నమ్మ గారు పంపిన పెట్టె విప్పింది. చిన్నరసాల కింద వరిగడ్డి, గడ్డి కింద నీలం అట్ట, విడివిడిగా కాయితాలు. అవన్నీ సర్దుకుని తెచ్చింది. గాలివాన వచ్చిన శనివారం రిజిస్టరు తడుస్తుందని టిఫిన్ సంచీలో పెట్టి ఇంటికి తెచ్చింది తనేనని సుసన్నాకి అప్పుడు గుర్తొచ్చింది. మనవడి పాత నోటుపుస్తకం అనుకుని ఇన్నమ్మ చింపింది. చింపిన ప్రతి కాయితం ఆ ఒక్క పెట్టెలోకే వెళ్ళింది. అంటే ఊరి రహస్యాలన్నీ సుసన్నా కాక అవి ముందునుంచీ తెలిసిన ఒకే ఒక్క మనిషికి చేరాయి. మామిడి సొన అంటి సగం పేర్లు చెరిగిపోయాయి. ఏప్రిల్ పేజీ మాత్రం బాగానే ఉంది. హాజరు పదమూడు.

వెళ్ళేముందు డాక్టరు గారు పరిహారం సంగతి తమ చేతిలో లేదని చెప్పారు. సాంబయ్య అడ్డం పడ్డాడు.

"మరి నిద్ర పట్టట్లేదని ఎందుకు రాసుకున్నారండీ?"

"పట్టాలని" అన్నారాయన.

సాంబయ్య పాస్‌పుస్తకం జేబులో పెట్టుకుని, ఆ అమ్మాయి ఏ వారం వస్తుందని సుసన్నాని అడిగాడు. వరండాలో మిగిలిన కాయల్ని ఇన్నమ్మ పచ్చడికి పట్టుకెళ్ళింది.

పదిరోజులకి జిల్లా నుంచి రెండు కాగితాలు వచ్చాయి. తనిఖీలో డెబ్భై నాలుగు మందికి సాయం అవసరమని తేలింది కాబట్టి శనివారంతో పాటు మంగళవారం కూడా కౌన్సిలర్ వస్తుందని మొదటిది. డెబ్భై నాలుగు మంది ఉండగా యాభై రెండు మందిని మాత్రమే చూపించి లెక్క ఎందుకు తగ్గించారో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని సుసన్నాకి రెండోది.

ఆ శనివారం సవరయ్య తలుపు దగ్గర కూర్చుని బొగ్గుతో గీతలు గీస్తున్నాడు. సంతోష్ వచ్చి ఒక గీతకి ఎంతమందని అడిగి, ఒక్కరేనని చెప్పించుకుని, కాగితం మీద అతని వేలిముద్ర కూడా తీసుకున్నాడు. బసవపున్నారావు నేరుగా వచ్చి సుసన్నా ఎదురుగా కూర్చున్నారు. ఆమె కొత్త రిజిస్టరు తెరిచింది.

"బీపీ అని రాయకమ్మాయ్."

"ఎప్పుడూ రాయలేదండీ. మరి ఏమని రాయమంటారు?"

ఆయన రిజిస్టరులో ఖాళీ గడి చూశారు.  లోపలికి వెళ్ళొచ్చి చెబుతానని లేచారు.

పేరు రాసింది, వయసు రాసింది. సమస్య అన్న గడి ఇంకా నింపలేదు.