సిలిండర్ వెనక గుండ్రాయి

వీధిలో అందరూ అతన్ని కళ్లజోళ్లాయన అంటారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కొట్లో కూర్చుని ఊళ్లోవాళ్ల చూపు సరిచేసే మనిషి. తన చూపు మాత్రం ఎప్పుడూ నేలమీదే. దారిలో కాస్త తేడాగా కనబడిన రాయినల్లా ఇంటికి మోసుకొచ్చేవాడు. మంచం కింద రాళ్లు, బూట్లలో రాళ్లు, చివరికి వంటింటి డబ్బాల్లోనూ రాళ్లే.

"పప్పులో రాళ్లు ఏరుకునేవాళ్లని చూశాను గానీ, రాళ్లలో పప్పు ఏరుకునే ఖర్మ నాకే పట్టింది" అంది భార్య. "ఇంకొక్క రాయి గడప దాటి లోపలికొస్తే, మీరు గడప దాటి బయటికే."

అలాంటి రోజుల్లో, ఎండిన వాగులో అతనికి ఒక గుండ్రాయి దొరికింది. బత్తాయి కంటే పెద్దది, కొబ్బరికాయ కంటే చిన్నది. తుప్పు రంగు. నడుముకు బెల్టు పెట్టుకున్నట్టు చుట్టూ ఒక గీత. అక్కడికక్కడే మనసు పారేసుకున్నాడు. భార్య స్నానానికి వెళ్లిన సమయం చూసి, దాన్ని సంచిలో చుట్టి, వంటింట్లో గ్యాస్ సిలిండర్ వెనక దాచేశాడు.

వారం గడిచింది. భార్య ఏమీ అనలేదు. ధైర్యం వచ్చి, రాళ్లు పోగుచేసేవాళ్ల ఫోన్ గ్రూపులో ఫొటో పెట్టి, ఇదేం రాయని అడిగాడు. ఒకాయన రాక్షసబల్లి గుడ్డన్నాడు. ఇంకొకాయన ఉల్క అన్నాడు. గ్రూపులో పెద్ద మీసాల మాజీ సైనికుడొకడున్నాడు. ఆయన ఇలా రాశాడు: "రాయి కాదయ్యా, పాతకాలం ఫిరంగి గుండులా ఉంది. లోపల మందుంటే ప్రమాదం. వేడి తగలనివ్వకు. కదిలించకు."

అది చదివేసరికి అతనే కదల్లేకపోయాడు. కొట్లో ఎదురుగా కుర్చీలో ఒక పెద్దాయన పరీక్ష అద్దాలు పెట్టుకుని గోడమీది అక్షరాలు చదువుతున్నాడు. "ఇప్పుడెలా కనబడుతోంది?" అని అడగాల్సినవాడు, "ఇప్పుడేం వండుతోందో!" అన్నాడు.

"ఎవరు బాబూ?" అని పెద్దాయన పక్కకు తిరిగేసరికి కళ్లజోళ్లాయన వీధి చివర ఉన్నాడు.

భార్యకు ఆ రోజు సెలవు. పొయ్యిమీద నూనె కాగుతోంది.

"పొయ్యి ఆపు!"

"ఎందుకు?"

"ఎందుకంటే... ఇవాళ బయట తిందాం."

ఆవిడ గరిటె పక్కన పెట్టి అతని నుదురు పట్టుకు చూసింది. "జ్వరం కూడా లేదే!"

"పెళ్లాన్ని హోటలుకు తీసుకెళ్లడం నేరమా?"

"నేరం కాదు, వింత. అమ్మా! నీ అల్లుడు బయట భోంచేద్దామంటున్నారు!"

అత్తగారికి కాస్త చెవుడు. "బయట పడుకుంటారా? పాపం, మళ్లీ ఏ రాయి తెచ్చారో!" అంది లోపలి గదిలోంచి.

పొయ్యి ఆరింది. భార్య బట్టలు మార్చుకోవడానికి వెళ్లింది. అతను నేలమీద పడుకుని సిలిండర్ వెనక చెయ్యి పెట్టాడు. సంచి ఉంది. రాయి లేదు.

అంతలో లోపలి గదిలోంచి ఠక్... ఠక్... చప్పుడు. పరిగెత్తి చూస్తే, అత్తగారు నేలమీద కూర్చుని, సాక్షాత్తూ ఆ ఫిరంగి గుండుతోనే బాదంకాయలు కొడుతోంది.

ఆవిడ చేతిలోంచి దాన్ని లాక్కుని, పొట్టకు హత్తుకుని వీధిలోకి దూకాడు.

"అల్లుడుగారూ, ఇంకా నాలుగు కాయలున్నాయి!"

"జరగండి! బాంబు! జరగండి!"

మంగలి కొట్లోంచి సగం గడ్డంతో ఒకాయన పారిపోయాడు. ఎవరో అగ్నిమాపక దళానికి ఫోన్ చేశారు. రాయి ఎక్కడ దింపబోయినా "మా గుమ్మం ముందు కాదు!" అని ఒక కేక. చివరికి ఆటస్థలం నడిమధ్యకు వెళ్లి, దాన్ని పట్టుకుని నిలబడ్డాడు.

భార్య తాపీగా నడిచి వచ్చింది. చేతిలో పెద్ద కవరు.

"దగ్గరికి రాకు! నీకు చెప్పకుండా తెచ్చాను. సిలిండర్ వెనక పెట్టాను. తప్పైపోయింది, వెళ్లిపో!"

"తెచ్చిన రోజే చూశాను." ఆవిడ పనిచేసేది ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో. కవరులోంచి ఒక ఫిల్ము తీసి ఎండకు ఎత్తి పట్టింది. "మీ బాంబు కడుపులో ఏముందో చూడండి."

ఉల్లిపాయలో లాగా పొరలు పొరలు. మధ్యలో గోరంత నత్తగుల్ల, మెలికలతో సహా.

"మా డాక్టరుగారే ముచ్చటపడి తీయమన్నారు. మ్యూజియంలో రాళ్లు చూసే ఆవిడకు కూడా చూపించాను. ఏనాటిదో నత్తగుల్ల చుట్టూ బురద పేరుకుని పేరుకుని రాయైందట. లోపల మందూ లేదు, మాకూ లేదు."

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరెప్పుడు చెబుతారో చూద్దామని."

అంతలో ఎర్రబండి వచ్చి ఆగింది. అధికారి దూకి వచ్చి ఎక్స్‌రే చూసి కంగారుపడ్డాడు. "దెబ్బ ఎవరికి తగిలింది?"

"ఆయన పరువుకి" అంది భార్య.

బండివాళ్ల చేత చీవాట్లు తిని ఇంటిదారి పట్టాక ఆవిడ మెల్లగా అడిగింది. "బాంబు అనుకునే పొట్టకు హత్తుకుని పరిగెత్తారా?"

"మరి మీరిద్దరూ ఇంట్లో ఉన్నారుగా."

ఆవిడ రాయిని తన చేతుల్లోకి తీసుకుంది.

అన్న మాట తప్పలేక ఇద్దర్నీ హోటలుకు తీసుకెళ్లాడు. వడ్డన వచ్చేలోపు భార్య ఆ గ్రూపులో చేరి, ఎక్స్‌రే బొమ్మ పెట్టింది. పొగడ్తలు వరదలా వచ్చాయి. ఇకమీద అనుమానపు రాళ్లన్నీ మేడమ్‌గారే తేల్చాలని తీర్మానించారు. ఇంతకీ ఆ రాయి ఏరింది ఎవరని, మొదటి ఫొటో చూడని ఒకాయన అడిగాడు.

కళ్లజోళ్లాయన ఆశగా మెడ సాచాడు.

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి రాసింది: "మా సంచి మోసే ఆయన."

అతను తన ఫోన్ తీసి, దాని కింద బుద్ధిగా ఒక బొటనవేలి బొమ్మ పెట్టాడు.