ఫోటోలు పారేయించిన మనుబోతు

ఒక పెద్ద అడవిలో పులి లేదు, కరువు లేదు. ఆ లోటు తీర్చడానికని ఒక ఆఫీసు పెట్టారు.

దానికి హెడ్డు నీలకంఠం అనే మనుబోతు. కంప్యూటర్ల గురించి ఆయనకి ఓనమాలు కూడా రావు. మరి ఎందుకు చేరాడయ్యా అంటే, ఆఫీసు సిబ్బందిని రాజు సింహంగారు తినకూడదని రూలు. ఐడీ కార్డు మెడలో పడ్డాకనే పాపం ఆయన కంటినిండా నిద్రపోయాడు. మనుబోతుల వంశంలో అంతకుముందు ఎవరూ ఆ సుఖం ఎరగరు.

ఎవరిది ఏ గుహ, ఎవరిది ఏ ఉద్యోగం, మడుగులో ఎవరి వంతు ఎప్పుడు, ఈ లెక్కలన్నీ ఒక్క వర్చువల్ మెషీన్‌లో ఉండేవి. అంటే కంప్యూటర్ లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటరన్నమాట. దాన్ని చూసుకునేది కొండముచ్చు. చేరిన కొత్తలో నీలకంఠం, "స్నాప్‌షాట్ అంటే ఏమిటోయ్?" అని అడిగాడు. కొండముచ్చుకేమో జామకాయ మీద ధ్యాస.

"ఫోటో అనుకోండి సార్. ఏదైనా తేడా వస్తే పాత రోజుకి పోవచ్చు," అనేసి చెట్టెక్కింది.

అంతే! ఆఫీసుకి ఫోటోల పిచ్చి పట్టుకుంది. అప్‌డేట్ వస్తే ఫోటో, ఆడిట్ వస్తే ఫోటో, సారుకి తుమ్మొస్తే ఫోటో. తీయడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. తీసెయ్యడానికి మాత్రం హెడ్డు సంతకం కావాలి. సంతకమంటే నీలకంఠానికి చచ్చే భయం. అందుకని ఒక్క ఫోటో కూడా కదల్లేదు.

చివరికి స్టోరేజీ నిండిపోయి తెరమీద ఎర్ర గుర్తు పడింది. ఇవాళో రేపో మెషీన్ ఆగిపోతుందన్నారు. సరిగ్గా మర్నాడే సింహంగారి తనిఖీ.

"కుర్చీ పోతే నా గతేం కాను!" అని నీలకంఠం గిలగిల్లాడిపోయాడు.

"ఆ ఫోటోలు తీసెయ్యండి సార్, పీడా పోతుంది," అంది సూపరింటెండెంటు నక్క.

కొండముచ్చు తల గోక్కుంది. "ఆ ఫోటోల ఫైళ్ళు అలా పారెయ్యకూడదు సార్. మెనూలోకెళ్ళి పద్ధతిగా డిలీట్ కొడితే, అదే కొత్త లెక్కల్ని పాతవాటిలో కలుపుకుంటుంది. టైము పడుతుంది. ముందు కాస్త ఖాళీ చోటు కూడా ఉండాలి."

"ఖాళీ చెయ్యడానికి ఖాళీ కావాలా!" నక్క పొట్ట పట్టుకుని నవ్వింది. "వెనకటికెవడో గది ఊడవమంటే ఇంకో గది కట్టమన్నాట్ట!"

"అసలవి ఫోటోలు కావు సార్..."

"మరి ఫోటోలన్నావుగా?"

"మీకు అర్థం కావాలని అన్నాను."

"అర్థమయింది. పారెయ్!" అన్నాడు నీలకంఠం.

"రాసివ్వండి సార్."

నీలకంఠం జన్మలో మొదటిసారి ధైర్యం చేసి సంతకం పెట్టాడు. ఫైళ్ళు పోయాయి. ఎర్ర గుర్తు ఆకుపచ్చగా మారింది. ఏనుగులు దొర్లేంత చోటు! నక్క సన్మానం చేసి శాలువా కప్పింది.

మర్నాడు సింహంగారు మెషీన్ ఆన్ చేయించారు. తెరమీద అడవి లెక్క వచ్చింది గానీ, అది ఎప్పటిదో. చచ్చిన తోడేలు ఇంకా జీతం తీసుకుంటోంది. నిరుడు పుట్టిన కుందేళ్ళు ఇంకా పుట్టనేలేదు.

"ఏమిటీ గోల?" అని గర్జించారు.

కొండముచ్చు అప్పటికే చిటారుకొమ్మన ఉంది. "మహారాజా, స్నాప్‌షాట్ తీయగానే పాత లెక్క అక్కడే ఆగిపోతుంది. ఆ తర్వాత రాసేదంతా కొత్త ఫైల్లోకి పోతుంది. పాతవనుకుని సారు పారేయించినవి ఆ కొత్తవే. ఇప్పుడు మిగిలింది మొదటి ఫోటో నాటి లెక్క."

"అదెప్పుడు తీశారు?"

"సారు పేరు సిబ్బందిలో ఎక్కించే ముందు, జాగ్రత్త కోసం."

నీలకంఠం ముందుకి ఉరికాడు. "మహారాజా, నేను మీ ఉద్యోగిని! అందరికీ తెలుసు! అడగండి!"

సింహంగారు తెర వంక చూశారు. సిబ్బందిలో నక్క ఉంది. నక్క ఎప్పుడూ ఉంటుంది. నీలకంఠం లేడు.

"మెషీన్‌లో లేనివాడు ఆఫీసులో ఉన్నట్టా, లేనట్టా?" అని నక్కని అడిగారు.

"లేనట్టే మహారాజా," అంది నక్క కళ్ళొత్తుకుంటూ. "రూలు రూలే కదా."

ఆ పైన జరిగింది నేను చెప్పలేను బాబూ, కడుపు తరుక్కుపోతుంది. సింహంగారికి మాత్రం కడుపు నిండింది.

నీతి: ఆఫీసులో చోటు చాలడం లేదని ఎవరూ దిగులు పడక్కర్లేదు, కనీసం ఒక కుర్చీ అయినా తప్పక ఖాళీ అవుతుంది.