ఏనుగు చెవిలో వేసిన మాట

ఒక పెద్ద అడవిలో, అడగందే ఎవరి ఇంటి జోలికీ పోని సింహంగారు ఉండేవారు. గూడు పీకాలన్నా, బొరియ పూడ్చాలన్నా ముందు ఆ ఇంటివాళ్లనే అడిగించేవారు. "సరేనా, వద్దా?" వద్దంటే వదిలేసేవారు.

చిక్కల్లా ఒక్కటే. జవాబు వచ్చేదాకా సభంతా ఎక్కడివాళ్లక్కడ ఆగిపోవాలి. ఎత్తిన కాలు దించకూడదు. ఒకసారి తాబేలుని ఏదో అడిగారు. అది తల లోపలికి లాక్కుని ఆలోచించింది. ఆ తల బయటికొచ్చేసరికి సింహంగారి మధ్యాహ్న భోజనం లేచి పారిపోయింది.

అప్పుడు నక్క ముందుకొచ్చింది. సభలో దానికి ఏ పదవీ లేదు. అందుకే అన్నిట్లోనూ సలహా ఇచ్చేది.

"ప్రభూ, అడిగి కూర్చోవడం దేనికి? అడగడానికి చిలుకని పంపండి. వెనకే ఏనుగుని పంపండి. ఏ జవాబొస్తే ఏం చెయ్యాలో ఏనుగు చెవిలో ముందే వేసేద్దాం. జవాబు ఎప్పుడొస్తే అప్పుడు ఆ పని చేసుకొస్తుంది. ఈలోగా తమరు భోంచేయండి."

చివరి మాట సింహానికి బాగా నచ్చింది. "ఏనుగుకి గుర్తుంటుందా?"

"మరుపన్నదే లేదు ప్రభూ. అర్థం కావడమంటారా, అది వేరే శాఖ."

ఏనుగు చెవిలో మాట వేసే బాధ్యత కూడా నక్కే పుచ్చుకుంది. ఊరికే కాదు. ఏటిగట్టు మీద బండరాయి కింద ముళ్లపంది మామ్మ బొరియ ఉంది. ఎంత వాన కురిసినా చుక్క దిగదు. నక్క బొరియలోకి మబ్బు పడితే చాలు, నీళ్లు. పైగా మామ్మకి మతిమరుపు. రోజూ అడిగిస్తే ఏదో ఒకరోజు సరే అనకపోదు.

"పోతరాజూ," అంది నక్క ఏనుగుతో. "చిలుక వెనకే వెళ్లు. 'వద్దు' అంటే తిరిగొచ్చెయ్. 'సరే' అంటే ఇంట్లోవాళ్లని తొండంతో బయటికి లాగి, మళ్లీ దూరకుండా బొరియ మీద కూర్చో."

"అలాగే బాబూ."

చిలుక వెళ్లింది. "మామ్మా, నీ బొరియ ఖాళీ చేయిస్తారట. సరేనా, వద్దా?"

"వద్దు నాయనా, ఇప్పుడే తిన్నాను," అంది మామ్మ.

ఆవిడ వయసువాళ్లకి ఎవరేం అడిగినా ముందు వద్దనడం మర్యాద. మూడుసార్లు బతిమాలితేగాని దుంప ముట్టరు. మామ్మ పిల్లల పేర్లు మరిచిపోయింది, పొద్దున తిన్నదో లేదో మరిచిపోయింది. వద్దనడం మాత్రం మరవలేదు. సాయంత్రం ఇంటికొచ్చినప్పుడల్లా గుమ్మం వాసన చూసుకునేది, నాదేనా అని. ఇది పోతే ఇంకో గుమ్మాన్ని గుర్తుపెట్టుకోవడం ఆవిడ వల్ల కాదు.

మర్నాడూ ఇదే తంతు. ఆ మర్నాడూ ఇదే.

"కాస్త గారంగా అడగవే!" అని నక్క చిలుకని కసిరింది.

"అడిగాను. ఎంత గారంగా అడిగితే అంత గట్టిగా వద్దంటోంది."

ఈలోగా సింహంగారు వేళకి భోంచేసి ఒళ్లు చేశారు. ఒక మధ్యాహ్నం తేన్చి, "ఇంత మంచి ఏర్పాటు చేసిన నక్కకి మంత్రి పదవి ఇద్దాం. పద్ధతి ప్రకారం ముందు దాన్ని అడిగి రండి," అన్నారు.

చిలుక నక్క బొరియకి బయల్దేరింది. వెనకే ఏనుగు కూడా. ఇక వెళ్లొద్దని దానికి ఎవరూ చెప్పలేదు మరి. ఆ చెప్పవలసిన నక్క, మామ్మ మతిమరుపు గురించి ఆలోచిస్తూ ఆ సంగతి మరిచిపోయింది.

"నీకు మంత్రి పదవి ఇస్తారట. సరేనా, వద్దా?"

"సరే! సరే! ఎంత మాట..." మాట పూర్తయ్యేలోగా తొండం తోక పట్టి బయటికి లాగేసింది.

"ఒరేయ్ పోతరాజూ! ఇది ఆ ప్రశ్న కాదురా!"

"ప్రశ్న సంగతి నాకు చెప్పలేదు బాబూ. 'సరే' అంటే ఏం చెయ్యాలో చెప్పావు," అంటూ ఏనుగు బొరియ మీద చతికిలబడింది. తడినేల. బొరియ కూలిపోయింది, ఏనుగు కూడా కాస్త దిగబడింది. "రెండుసార్లన్నావు కదూ," అని లేచి మళ్లీ కూర్చుంది.

ఆ సాయంత్రం వాన పట్టుకుంది. కొత్త మంత్రిగారు తోక పిండుకుంటూ ఏటిగట్టు ఎక్కి మామ్మ గుమ్మంలో నిలబడ్డారు.

"మామ్మా, వాన తగ్గేదాకా లోపల కాస్త చోటిస్తావా?"

"వద్దు నాయనా, ఇప్పుడే తిన్నాను," అని మామ్మ తలుపేసుకుంది. ఎవరో వచ్చారే, ఎవరబ్బా అని కాసేపు ఆలోచించి, గుమ్మం వాసన చూసుకుని, తనదేనని తేలాక నిద్రపోయింది.

నీతి: అడిగిందేమిటో గుర్తులేకపోయినా కొంప మునగదు, జవాబు చెప్పేముందు చిలుక వెనక ఏనుగుందేమో చూసుకుంటే చాలు.