వియ్యాలవారి దుబాసీ

ఆ ఉదయం బ్లియా చేయవలసిన పని ఒక్కటే. సంక్షేమ ఆఫీసు నుంచి ఫోను వస్తుంది. ఉన్నమాట చెప్పాలి. చెబితే తిండి కార్డు ఇంకో ఏడాది నడుస్తుంది. ఇంగ్లీషు రాని బ్లియా ఇన్నేళ్ళూ ఆఫీసుకు వెళ్ళి, ఖాళీ బియ్యం సంచీ తిరగేసి దులిపి చూపించి వచ్చేది. వాళ్ళు తల ఊపేవారు. ఈ ఏడు మాత్రం అమెరికాలోని సెయింట్ పాల్ ఊరి ఆఫీసువాళ్ళు ఆమె మాట్లాడే హ్మాంగ్ భాష వచ్చిన దుబాసీని ఫోనులోనే పెడతామన్నారు. ఇక కష్టాలు గట్టెక్కినట్టేనని బ్లియా అనుకుంది.

"ఏం చెప్పాలో గుర్తుందా?" అన్నాడు భర్త న్యా థావ్.

"బియ్యం లేవు, పంపేవాళ్ళు లేరు, దాచింది లేదు. మూడు ముక్కలు. అవీ మర్చిపోతానా?"

ఫోను మోగింది. బ్లియాకు ఒక చెవి సరిగా వినపడదు కాబట్టి ఆ ఇంట్లో ఏ ఫోనైనా ఇల్లంతా వినపడేలా పెట్టాల్సిందే. ముందు ఆఫీసరు హాల్వర్సన్ గొంతు ఇంగ్లీషులో ఏదో అన్నది. ఆ వెనక ఒక కుర్ర గొంతు హ్మాంగ్‌లో పలికింది.

"పెద్దమ్మా, నేను దుబాసీని. ఇక్కడ మాట్లాడిన ప్రతి మాటా తర్జుమా చేస్తాను. ఏదీ వదలను, ఏదీ కలపను. ఇంకో సంగతి..."

"సరే నాయనా. ఇంతకీ మీ ఇంటిపేరేమిటి?"

దుబాసీ తన పేరు చెప్పకూడదని ఆఫీసు నియమం. కానీ హ్మాంగ్ మనుషులు ఇద్దరు కలిస్తే మొదటి మాట ఇంటిపేరే. అది తెలియందే ఎదుటి మనిషి బాబాయో బావో తెలియదు. పెద్దావిడ అడిగితే చెప్పననడం ఎలా?

"మువా," అన్నాడతను మెల్లగా.

బ్లియా ఫోనును చేత్తో మూసింది. "మువావాళ్ళు!"

"ఐతే?"

"ఐతే అంటావేమిటయ్యా! మన పిల్ల వాళ్ళింట్లో ఉంది!"

వాళ్ళ ఒక్కగానొక్క కూతురు పా కూ పోయిన నెలే ఫ్రెస్నోలోని మువావారింటికి కోడలిగా వెళ్ళింది. చిన్నతనంలో లావోస్ నుంచి పారిపోతూ మెకాంగ్ నది ఒడ్డున, వెనక పడవలో వస్తానన్న అక్కను వదిలి వచ్చిన నాటినుంచి బ్లియాకు వీడ్కోలంటే భయం. ఇప్పుడు పిల్ల పరాయి ఊళ్ళో, పరాయి ఇంట్లో ఉంది. ఈ ఊరి మువా చెవిన పడ్డ మాట ఆ ఊరి మువాకు చేరకుండా ఉంటుందా? 'మీ పుట్టింట్లో గింజలకు దిక్కులేదటగా' అని అత్తగారు ఒక్కసారి అంటే, పిల్ల ఎవరి భుజం మీద ఏడుస్తుంది?

"మీకు తిండి సరిపోతోందా అని అడుగుతున్నారు," అన్నాడు దుబాసీ.

"సరిపోవడమేమిటి నాయనా! పెట్టుకోవడానికి చోటు చాలడం లేదు."

న్యా కంగారుగా మూడు వేళ్ళు చూపించాడు. బ్లియా మొహం తిప్పుకుంది.

"ఎవరైనా సాయం చేస్తారా?"

"మా అల్లుడు బంగారం. మీ మువా పిల్లాడే. నెలనెలా డబ్బు పంపుతాడు. వద్దురా అన్నా వినడు."

"మరి కార్డెందుకని అడుగుతున్నారు, పెద్దమ్మా."

"ప్రభుత్వం అంత ప్రేమగా పెడుతుంటే కాదనడం మర్యాదేనా?"

అక్కడితో ఆగినా బాగుండేది. కానీ ఫోను పెట్టే ముందు అలవాటుకొద్దీ "ఇద్దరూ ఒకసారి వచ్చి భోంచేసి వెళ్ళండి" అనేసింది. అందరూ అనే మాటే, ఎవరూ రాని పిలుపే. దుబాసీ దాన్నీ ఇంగ్లీషులోకి మార్చాడు. ఎలాగూ అల్లుడి డబ్బు సంగతి విచారించాలి కాబట్టి, శుక్రవారం మధ్యాహ్నం దుబాసీతో సహా వస్తానన్నది హాల్వర్సన్.

"మూడు ముక్కలేవే?" అన్నాడు న్యా.

"ఒక్కటీ నోట్లోంచి రాలేదయ్యా," అంది బ్లియా, తనకే అర్థం కానట్టు.

వచ్చేది మువా. పెట్టక తప్పదు. మిగిలిన జిగురు బియ్యమంతా నానబోసింది. పక్కింటావిడ దగ్గర ఒక కోడి, ఎదురింటావిడ దగ్గర పంది మాంసం అరువు తెచ్చింది. పెరట్లో మంచుకు మిగిలిన ఆవాకు కోసి ఉడకబెట్టింది. శుక్రవారం మధ్యాహ్నానికి బల్ల మీద గిన్నె పెట్టే సందు లేదు.

హాల్వర్సన్ గుమ్మంలోనే ఆగిపోయి బల్ల వంక చూసింది. బ్లియా చేతులు నలుపుకుంటూ, అతిథికి చెప్పాల్సిన మర్యాద మాట చెప్పింది.

"మా ఇంట్లో ఏమీ లేదు తల్లీ. కూర లేదు, నారా లేదు. ఉత్త అన్నం. ఏమీ అనుకోకుండా తినండి."

దుబాసీ ఉన్నదున్నట్టు తర్జుమా చేశాడు. హాల్వర్సన్ కోడికూర వంక, మాంసం వంక, మిరపకాయ పచ్చడి వంక చూసింది.

"ఫోనులో ఇల్లు నిండా ఉందన్నారు. ఇంత పెట్టుకుని ఇప్పుడేమో ఏమీ లేదంటున్నారు. ఏది నిజం?"

"రెండూనమ్మా," అంది బ్లియా నమ్రతగా.

ఇక లాభం లేదని న్యా వెళ్ళి ఖాళీ బియ్యం డబ్బా తెచ్చి ఎత్తి పట్టుకున్నాడు. తనకు వచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టి "నో రైస్!" అని అరిచాడు. సరిగ్గా అప్పుడే బ్లియా ఆఫీసరు పళ్ళెంలో ఇంకో ముద్ద వేసింది.

హాల్వర్సన్ దుబాసీ వైపు తిరిగింది. "నన్ను అన్నం తినొద్దంటున్నాడా?"

"ఆయన ఇంగ్లీషులోనే అన్నాడండీ. ఇంగ్లీషుకు నేను తర్జుమా చేయకూడదు," అన్నాడు దుబాసీ నోట్లో ముద్దతో.

ఇంతలో ఫోను మోగింది. ఫ్రెస్నో నుంచి పా కూ. "అమ్మా!" అన్న పిలుపు ఇల్లంతా వినపడింది.

"ఏమైందే? ఏడుస్తున్నావా?"

"లేదమ్మా. మా అత్తగారు కార్డు కోసం ఇక్కడి ఆఫీసుకు వెళ్ళింది. దుబాసీ మన థావ్ ఇంటిపేరు వాడట. కోడలి తరఫువాళ్ళ ముందు ఇల్లు గడవడం లేదని ఎలా చెబుతుంది? మా వియ్యపురాలు బస్తాలకు బస్తాలు బియ్యం పంపుతోంది, తినలేక చస్తున్నామని చెప్పింది. కార్డు ఆపేశారు. ఆయనకు పని కూడా లేదమ్మా. ఎవరికీ చెప్పకు కానీ, నిజంగానే ఓ బస్తా పంపుతావా?"

దుబాసీ చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఒక్క మాట వదలకుండా తర్జుమా చేశాడు. హాల్వర్సన్ చెంచా కింద పెట్టింది.

"అల్లుడు మీకు పంపుతున్నాడు. మీరు అల్లుడింటికి పంపుతున్నారు. అసలు ఎవరు ఎవరికి పంపుతున్నారు?"

"ఎవరూ ఎవరికీ పంపడం లేదు," అన్నాడు న్యా, డబ్బా ఇంకా చేతిలోనే ఉంది.

బ్లియా దుబాసీ చెయ్యి పట్టుకుంది. "నాయనా, ఇదంతా మీవాళ్ళకు చెప్పేస్తావా?"

"ఇక్కడ విన్నది గడప దాటితే నా ఉద్యోగం పోతుంది పెద్దమ్మా. ఆ సంగతే ముందు చెప్పబోయాను. మీరు ఇంటిపేరు అడిగారు."

బ్లియా గోడకు చేరగిలబడి, అరువు తెచ్చిన కోడితో సహా అంతా చెప్పేసింది. కార్డు ఆగదని హాల్వర్సన్ మాట ఇచ్చింది. ఫ్రెస్నో అత్తగారు మళ్ళీ వెళ్ళి, ఆ ఇంటిపేరూ ఈ ఇంటిపేరూ కాని దుబాసీని అడగవచ్చని కూడా చెప్పింది. బ్లియా కళ్ళు తుడుచుకుని భర్తతో మెల్లగా అంది.

"చూశావా? ఆకలైతే ఆకలని చెప్పుకోవడానికి ఆవిడకు అంత నామోషీ. మన పిల్ల ఎలాంటి ఇంట్లో పడిందయ్యా!"

అతిథి లేవందే తాము భోజనానికి కూర్చోకూడదని భార్యాభర్తలు నిలబడే ఉన్నారు. వద్దంటే వాళ్ళు నొచ్చుకుంటారని హాల్వర్సన్ మూడోసారి వడ్డించుకుంది. పోతూ పోతూ మిగిలిన కోడికూర డబ్బా కూడా పట్టుకెళ్ళక తప్పలేదు.

ఆ పూట ఆ ఇంట్లో కడుపునిండా తిన్నది ప్రభుత్వమే.